‘గుంట’ అంటే అమ్మాయా, గొయ్యా, భూమా?

“అయ్యో, ఆ గుంటకి దెబ్బ తగిలిందర్రా... బేగి రండి!”

ఈ ఒక్క కేకని మూడు ఊళ్లలో వినిపించామనుకోండి. శ్రీకాకుళంలో అయితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పరుగెత్తుకొచ్చేస్తారు. ఎవరో చిన్నపిల్ల పడిపోయిందని వాళ్లకి వెంటనే అర్థమైపోతుంది. గుంటూరులో అయితే ‘గుంటకి దెబ్బ తగలడమేంటి? గుంటలో ఎవరైనా పడ్డారా?’ అని ఓ క్షణం ఆగుతారు. సిద్దిపేటలో అయితే ‘గుంటనా? ఏ సర్వే నంబర్ల?’ అని అడిగినా ఆశ్చర్యం లేదు. ఎందుకంటే అక్కడ గుంట అంటే భూమి కొలత.

మాట ఒక్కటే. అమ్మాయి, గొయ్యి, భూమి... అర్థాలు మూడు. పలాసలో రైలెక్కి, హైదరాబాద్ మీదుగా అనంతపురం, చిత్తూరు దాకా చెవులు తెరుచుకుని తిరిగితే ఇలాంటివి జేబు నిండా దొరుకుతాయి. టికెట్ ఖర్చుకి ఇంతకు మించిన సావనీర్లు ఉండవు.

భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు ప్రాంతాలుగా చూశారు. ఉత్తరాంధ్ర ఒకటి, మధ్య కోస్తా రెండు, రాయలసీమ–నెల్లూరు వైపు మూడు, తెలంగాణ నాలుగు. రైతులు పొలంలో వాడే మాటల్ని ప్రాంతాలవారీగా సేకరించి ఆయన చేసిన వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది. పలుగూ పారా కూడా జిల్లా మారితే పేరు మార్చుకుంటాయని ఆ పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. మనం ఇప్పుడు ఆ నాలుగు ప్రాంతాల్నీ ఓ చుట్టు చుట్టొద్దాం.

గెడ్డలో నీళ్లు... ఇంట్లో అప్ప

జీడిపప్పుకి పేరుపడ్డ పలాసలో దిగగానే మొదట వినిపించేది ‘ఏటి?’. ‘ఏటి సేస్తన్నావు? ఏటి తిన్నావు?’ మిగతా చోట్ల ‘ఏటి’ అంటే ఏరుకి సంబంధించినది. ఏటి ఒడ్డు, ఏటి నీళ్లు. ఇక్కడ మాత్రం అది ‘ఏమిటి’కి షార్ట్‌కట్. టైప్ చేయడానికి కూడా రెండక్షరాలే!

గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. ఇందులో తిట్టు లేదు, చిన్నచూపు లేదు. ‘మా గుంట ఇంజినీరింగు సదువుతోంది’ అని తండ్రి చెప్పాడంటే అందులో ఉన్నది గర్వమే. ‘అప్ప’ అంటే అక్క. ఇదే మాటని జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. అనంతపురం వెళ్లేసరికి అప్ప మగవాడైపోతుంది.

ఇక గెడ్డ. తూర్పు కనుమల కొండల మీంచి దిగే వాగుల్ని ఇక్కడ గెడ్డలంటారు. విశాఖ నగరానికి తాగునీళ్లిచ్చే జలాశయాల్లో ఒకదాని పేరే మేఘాద్రి గెడ్డ. ‘గెడ్డ పొంగింది, బేగి ఇంటికి పోదాం’ అంటే వాగు పొంగింది, తొందరగా ఇంటికెళ్దాం అని. అదే గుంటూరు వాళ్ల చెవిలో పడితే ‘గడ్డ’ అనుకుని, ఒంటి మీద ఎక్కడ లేచింది, డాక్టర్‌కి చూపించారా అని అడుగుతారు. తెలంగాణ వాళ్లకైతే గడ్డ అనగానే ఉల్లిగడ్డ, ఆలుగడ్డ గుర్తొస్తాయి. ఇంకా చెప్పాలంటే సొంత నేల గుర్తొస్తుంది. ‘ఈ గడ్డ మీద పుట్టిన’ అనడంలో ఉన్న పౌరుషం అదే.

ఒక తమాషా ఏంటంటే, జనం మాట్లాడే భాషే పుస్తకాల్లోనూ ఉండాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ శ్రీకాకుళం వైపే. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ కూడా పక్కనున్న విజయనగరం గాలి పీల్చిందే. వాడుక భాషకి తలుపులు తెరిచిన నేల ఇది. మరి చాలా ఏళ్లపాటు సినిమాల్లో ఈ నేల యాసకి దొరికిన వేషాలేంటి? పనిమనిషి, అమాయకుడు, కమెడియన్ పక్కనుండే ఇంకో కమెడియన్. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

కొట్టుకెళ్తే ఎవరూ కొట్టరు

తుని దాటి గోదావరి జిల్లాల్లోకి రాగానే ప్రతి వాక్యం చివరా ‘అండి’ వేలాడుతుంది. ‘అవునా?’ అంటే ‘ఆయ్!’ అని జవాబు. కొత్తవాళ్లకి అది ఎవరో అదిలించినట్టు వినిపిస్తుంది కానీ, అది ‘అలాగేనండి’ అన్నంత మర్యాద. ఆ మర్యాదలోనే వెటకారం కూడా కలిపేయడం ఇక్కడి వాళ్లకే చెల్లింది. ‘తమరికి తెలీందేముందండి’ అన్నారంటే మీరేదో తప్పు మాట్లాడినట్టే లెక్క.

దుకాణాన్ని ఇక్కడ కొట్టు అంటారు. ‘కొట్టు కట్టేశారు’ అంటే షాపు మూసేశారని. ‘కొట్టుకెళ్లి పంచదార పట్రా’ అంటే షాపుకెళ్లి చక్కెర తెమ్మని. పంచదార అనే మాటా ఈ వైపుదే. తెలంగాణలో, సీమలో అది చక్కెర.

గోదావరి వాళ్లకీ, తెలంగాణ వాళ్లకీ మధ్య అసలు తేడా ఇలాంటి మాటల్లో కాదు, ‘నువ్వు’లో ఉంది. గోదావరి కుర్రాడు మొదటిసారి వరంగల్ వెళ్లి ‘అన్నా, నువ్వెప్పుడొచ్చినవ్?’ అన్న మాట వింటే, పెద్దాయన్ని పట్టుకుని నువ్వు అంటాడేంటి అని నొచ్చుకుంటాడు. వరంగల్ కుర్రాడు రాజమండ్రి వచ్చి ‘మీరు ఎప్పుడొచ్చారండి?’ వింటే, వీళ్లు మనల్ని ఇంకా బయటోళ్లనే అనుకుంటుండ్రు అని దూరం జరుగుతాడు. తెలంగాణ పల్లెల్లో ‘బాపు, నువ్వు తిన్నవా?’ అని కన్నతండ్రినే అడుగుతారు. గౌరవం అక్కడ ‘బాపు’లో ఉంది, ‘అన్నా’లో ఉంది. గోదావరి వాళ్లు ‘మీరు’లో, ‘అండి’లో పెడతారు. ఎవరు ఎక్కడ పెట్టుకున్నారో తెలియకపోతే రెండు వైపులా మనసులు ముడుచుకుంటాయి.

కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు చదువుకున్నవాళ్ల మాట మెల్లగా పత్రికల భాషైంది, పాఠ్యపుస్తకాల భాషైంది, సినిమా హీరో భాషైంది. ఆ మాట మిగతా వాటికన్నా స్వచ్ఛమైనదనేమీ కాదు. అచ్చు యంత్రాలు, స్టూడియోలు, రాసేవాళ్లు ఎక్కువమంది ఎటు నుంచి వచ్చారో, ఆ వైపు మాట ‘మామూలు తెలుగు’ అనిపించుకుంది. మిగతావన్నీ ‘యాస’ అయ్యాయి. నిజానికి యాస లేని తెలుగు ఎక్కడా లేదు. బెజవాడ వాళ్లదీ యాసే.

అయిదు గుంటలా, అయిదు సెంట్లా?

హైదరాబాద్ వచ్చేశాం. నాలుగు వైపుల తెలుగూ ఒకే బాత్రూం ముందు క్యూ కట్టే చోటు చూడాలంటే అమీర్‌పేట హాస్టళ్లకి వెళ్లాలి. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ గదులు, ఒక్కో గదిలో మూడు నాలుగు జిల్లాలు.

ఇక్కడ ‘గుంట’ సరదా మాట కాదు, డబ్బుల మాట. ఎకరంలో 40వ వంతు గుంట, అంటే 121 చదరపు గజాలు. ఆంధ్ర వైపు భూమి సెంట్లలో కొలుస్తారు. ఎకరానికి 100 సెంట్లు. సెంటు అంటే 48.4 గజాలు. అంటే అయిదు సెంట్లు 242 గజాలు. అయిదు గుంటలు 605 గజాలు. కోస్తా నుంచి వచ్చి తెలంగాణలో స్థలం బేరమాడేవాళ్లు ఈ లెక్క తెలియకుండా మాట్లాడితే ఎవరో ఒకరు మునుగుతారు. ఈ తేడా ఊరికే రాలేదు. అటు వైపు బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలు, ఇటు నిజాం సంస్థానం లెక్కలు నడిచాయి. పాలన ఎప్పుడో పోయింది, కొలతలు నాలుక మీద ఉండిపోయాయి.

షురూ, పరేషాన్, జల్ది, ఇజ్జత్ లాంటి మాటలు తెలంగాణలో అంతగా కలిసిపోవడానికీ కారణం అదే. నిజాం కాలంలో ఆఫీసు, కోర్టు, చదువు... అన్నీ ఉర్దూలోనే. ‘తురుంఖాన్’నే తీసుకోండి. ‘నువ్వేమన్న తురుంఖాన్‌వా?’ అని ఇప్పటికీ అంటాం కదా. 1857 జులైలో హైదరాబాద్ బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్ పేరే ఇలా మారిందని చెప్పుకుంటారు. ఆ రెసిడెన్సీ భవనం కోఠిలో, ఒకప్పటి ఉమెన్స్ కాలేజీ ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఈసారి కోఠిలో సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు కొనడానికి వెళ్లినప్పుడు అటు ఓ చూపు వేయండి.

తెలంగాణ పల్లెలో ‘అవ్వ’ అంటే అమ్మ. అవ్వ, అయ్య అంటే తల్లీతండ్రీ. కోస్తాలో, సీమలో అవ్వ అంటే నాయనమ్మో, అమ్మమ్మో, ఊళ్లో ఎవరో ఓ ముసలామో. ‘మా అవ్వ పొలం పోయింది’ అని కరీంనగర్ కుర్రాడంటే, పాపం ఆ వయసులో ముసలావిడని పనికి పంపుతారా అనుకోకండి. పోయింది వాళ్లమ్మ.

ఇంకో మాట దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ‘పానం మంచిగ లేదు’. ప్రాణం బాగాలేదు అని అక్షరాలా అర్థం చేసుకున్న కోస్తా మనిషి కంగారు పడిపోయి అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాడు. అక్కడ దానర్థం ఒంట్లో బాగాలేదు అనే. అదే నలతని ఒకరు ‘సుస్తీ’ అంటారు, ఒకరు ‘ఒంట్లో నలతగా ఉంది’ అంటారు. వేరే ప్రాంతంలో కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్‌కీ, నర్సుకీ ఈ మాటలు తెలియకపోతే రోగి చెప్పేది సగమే చెవికెక్కుతుంది. పల్లె నుంచి వచ్చిన పెద్దావిడకి ‘వికారంగా ఉంది’ అనడం రాదు. ఆమెకొచ్చిన మాటలోనే ఆమె రోగం ఉంటుంది.

కేజీ ఎర్రగడ్డ కావాలా? మూడు స్టేషన్లు వెళ్లండి

కడప నుంచి వచ్చిన కుర్రాడు అమీర్‌పేట కిరాణా షాపులో ‘అన్నా, ఒక కేజీ ఎర్రగడ్డలు’ అని అడిగితే, నవ్వు ఆపుకోవడం షాపాయనకి కష్టమే. సీమలో, నెల్లూరులో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషన్. పైగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉన్న చోటు. వెల్లుల్లికి సీమలో తెల్లగడ్డ. ఆలుగడ్డకి ఉర్లగడ్డ. పక్కనున్న తమిళంలో దాన్ని ఉరుళైక్కిళంగు అంటారు కాబట్టి చుట్టరికం ఎటు నుంచో తెలుస్తూనే ఉంది.

‘అంగడి’ది ఇంకో కథ. సీమలో అంగడి అంటే షాపు. రోజూ తెరిచే ఉంటుంది. తెలంగాణ పల్లెలో అంగడి అంటే వారానికోసారి జరిగే సంత. ‘అంగడికి పోయి సబ్బు తీసుకురా’ అని అనంతపురం రూమ్మేట్ అంటే, మెదక్ రూమ్మేట్ ‘అంగడి ఆదివారం గదా!’ అంటాడు. ఇద్దరూ కరెక్టే. సబ్బు మాత్రం రాదు.

అనంతపురం వెళ్తే ‘చీనీ’ జ్యూస్ తాగకుండా రావద్దు. చీనీ అంటే బత్తాయి. ఆ జిల్లా తోటలకి అదే పేరు తెచ్చిపెట్టింది. హైదరాబాద్ ఇరానీ హోటల్లో చీనీ అడిగితే మీ ముందుకొచ్చేది చక్కెర. కర్నూలు వైపు వేరుశెనగల్ని బుడ్డలంటారు. తెలంగాణలో అవే పల్లీలు. పొద్దున్నే బొరుగులతో ఉగ్గాని చేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. కోస్తా వాళ్ల మరమరాలే ఆ బొరుగులు. అన్నం పెట్టే పళ్లేన్ని ‘తట్ట’ అంటారు. కోస్తాలో తట్ట అంటే మట్టి మోసేది. ‘తట్టలో అన్నం పెట్టారు’ అని ఇంటికి ఫోన్ చేసి ఫిర్యాదు చేయకండి.

ఉత్తరాంధ్రలో అక్క అయిన అప్ప ఇక్కడ ‘ఏమప్పా, యాడికి పోతాండావు?’లో మగవాడైంది. స్నేహితుడైనా అప్పే, ఆటో డ్రైవరైనా అప్పే. ‘జేజి’ అంటే నాయనమ్మ. కోస్తాలో పసిపిల్లలకి జేజి అంటే దేవుడు. ‘జేజికి దణ్ణం పెట్టు’ అంటారు కదా! నాయనమ్మకీ దేవుడికీ ఒకే పేరు. ఈ ఒక్క తేడాని మాత్రం సరిచేయాలనిపించదు.

చిత్తూరు చేరాక చలికాలమైతే అనపకాయల వాసన. గింజలు నానబెట్టి, పైతొక్క పితికి వండే పితికిపప్పు అక్కడివాళ్లకి ప్రాణం. ఆ అనపకాయ చిక్కుడు జాతిది. కోస్తా మనిషి ‘ఆనపకాయ’ అనుకుని సొరకాయ కూర కోసం ఎదురుచూస్తే నిరాశే. అచ్చులో ఒక్క దీర్ఘం తేడా. కంచంలో మొత్తం కూరే తేడా. ఇక్కడి మాటని ఉన్నదున్నట్టు కథల్లో పెట్టి తెలుగువాళ్లందరితో చదివించిన రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. అర్థం కాదేమో అని ఆయన భాష మార్చలేదు. చదివేవాళ్లే అలవాటు పడ్డారు.

తోపులు, పులిహోరలు

మరి మన ఫోన్లలో తిరిగే మాటల సంగతేంటి? వాటికి జిల్లా సరిహద్దులు లేవు. ‘వాడు తోపురా’ అంటే మొనగాడని ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ జీడి తోపు, సరుగుడు తోపు, మామిడి తోపు ఉన్న ఊళ్లో తాతని అడిగితే తోపు అంటే చెట్ల గుంపు. ‘పులిహోర కలుపుతున్నాడు’ అంటే అమ్మాయితో మాటలు కలుపుతున్నాడని మనకి తెలుసు, గుళ్లో ప్రసాదం చేసే అయ్యగారికి తెలియకపోవచ్చు. హైదరాబాద్ ‘కిరాక్’ విశాఖ బీచ్‌లో వినిపిస్తోంది. తెలంగాణ ‘లొల్లి’, ‘ఆగమాగం’ కోస్తా కుర్రాళ్ల స్టేటస్‌లలోకి ఎక్కాయి. ‘పోరంబోకు’ అయితే రెవెన్యూ రికార్డుల్లో ఎవరి పట్టా కాని భూమి. ఇంట్లో మాత్రం పని చేయని కొడుకు.

కొత్త మాటలు ఇలా పుడుతూనే ఉంటాయి. చిక్కల్లా పాత మాటలు పోవడంలో ఉంది. అవి ఎలా పోతాయో చూడాలంటే మళ్లీ హాస్టల్‌కే వెళ్లాలి.

మేడ మీద ఒక తెలుగు, గదిలో ఒక తెలుగు

సాయంత్రం ఏ హాస్టల్ మేడ ఎక్కినా ఫోన్లు పట్టుకుని తిరిగే పిల్లలు కనిపిస్తారు. ఇంటికి ఫోన్. అప్పుడు వాళ్ల నోట్లో అసలు ఊరు పలుకుతుంది. ‘ఏటి వొండావమ్మా?’, ‘జేజి యట్లుంది?’, ‘అవ్వా, తిన్నవా?’ ఫోన్ పెట్టేసి మెట్లు దిగి గదిలోకి వచ్చేసరికి మాట మారిపోతుంది. ‘ఏంటి, డిన్నర్ అయిందా?’. ఇరవై మెట్లు దిగడానికి పట్టే టైంలో ఒక మనిషి రెండు మనుషులవుతున్నారు.

ఎందుకంటే మొదటి వారంలోనే ఎవరో నవ్వి ఉంటారు. ‘మళ్లీ అను, మళ్లీ అను’ అని నలుగురి ముందు అనిపించి ఉంటారు. అది జోకే కావచ్చు. కానీ నవ్వు వినగానే కొందరు మాట మార్చుకుంటారు, కొందరు మాట్లాడటమే తగ్గించేస్తారు. గ్రూప్ డిస్కషన్‌లో పాయింట్ తెలిసీ నోరు విప్పని పిల్లలకి రానిది సబ్జెక్ట్ కాదు. తమ తెలుగు మీద తమకి నమ్మకం పోయింది, అంతే.

దశాబ్దాల పాటు తెరమీద లెక్క ఇదే కదా. హీరోది ఒక తెలుగు. సీమ యాస అంటే కత్తి పట్టిన విలన్. తెలంగాణ యాస అంటే రౌడీ లేదా కామెడీ. ఉత్తరాంధ్ర అంటే అమాయకత్వం. ఈ లెక్క ఈమధ్యే మారడం మొదలైంది. ‘ఫిదా’లో (2017) హీరోయిన్ బాన్సువాడ మాట మాట్లాడింది, రాష్ట్రాలకి రాష్ట్రాలు ఆమెతో ప్రేమలో పడ్డాయి. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’, 2020లో ‘పలాస 1978’ ఉత్తరాంధ్ర గొంతుని మధ్యలో నిలబెట్టాయి. ‘పుష్ప’ (2021) హీరో చిత్తూరు యాసలోనే మాట్లాడాడు. ‘బలగం’ (2023) చూసి ఏడ్చిన కోస్తా వాళ్లకి తెలంగాణ మాట ఎక్కడా అడ్డం రాలేదు. కాళోజీ నారాయణరావు పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం వెనకున్న పట్టుదలా ఇదే. మా మాటకి తక్కువేంటి అని.

సినిమా మారింది. హాస్టల్ గది మారడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. తెలియని మాట వినగానే నవ్వే బదులు ‘అంటే ఏంటి?’ అని అడిగితే చాలు. ఆ ప్రశ్నకి వచ్చే జవాబులో ఒక వాగు ఉండొచ్చు, ఒక తోట ఉండొచ్చు, ఒక నాయనమ్మ ఉండొచ్చు. ఫోన్‌లో రికార్డర్ ఎలాగూ ఉంది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు వంటగదిలో, పొలంలో పెద్దవాళ్లు వాడే మాటల్ని ఓ పది నిమిషాలు రికార్డ్ చేసి చూడండి. మీకే తెలియని మాటలు కనీసం నాలుగైనా దొరుకుతాయి.

ఇన్ని తేడాలున్నా ఒక్క చోట మాత్రం నాలుగు ప్రాంతాలూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట అంటాయి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు. శ్రీకాకుళంలో ‘ఎల్లొస్తాను’. భీమవరంలో ‘వెళ్లొస్తానండి’. కడపలో ‘పొయ్యొస్తా’. జగిత్యాలలో ‘పోయొస్త’, వెనక నుంచి ‘పైలం బిడ్డా’ అని అవ్వ మాట. పోతున్నానని చెప్పి ఊరుకునే తెలుగు ఇల్లు ఎక్కడా లేదు. గడప దాటే ముందే తిరిగొస్తానని మాటిచ్చే వెళ్తాం.